‘లేచిపోయింది’: ఒక క్రియ, ఇద్దరు మనుషులు, ఒక మైదానం

తెలుగులో కొన్ని క్రియలకు కర్తను చెప్పే పని ఉండదు. ‘ఈనింది’ అంటే ఆవో గేదో. ‘కురిసింది’ అంటే వాన. ‘లేచిపోయింది’ అంటే ఒక ఆడపిల్ల. పేరు వినకముందే ఆమె వయసు, ఇంట్లోవాళ్ల ముఖాలు, అరుగుల మీద గుసగుసలు అన్నీ ఆ ఒక్క మాటతో వచ్చేస్తాయి. పేరు తరవాత అడుగుతారు. ముందు అడిగేది ‘ఎవడితో?’ అని.

హైదరాబాద్‌లోని మా సైదాబాద్‌లో ఈ మాటకు వేషాలు ఎక్కువ. కోస్తా నుంచి వచ్చి కాలనీల్లో ఇళ్లు కట్టుకున్నవాళ్లు ‘లేచిపోయింది’ అంటారు. మాదన్నపేట మండీలో కూరగాయలమ్మే అవ్వ ‘లేసిపోయిందంట’ అంటది. పక్కింటి దక్కనీలో అది ‘భాగ్ గయీ’. పోలీసు స్టేషన్ కాగితం మీద ‘మిస్సింగ్’. మర్నాటి పేపర్లో ‘యువతి అదృశ్యం’, జంట సంగతి బయటపడ్డాక ‘ప్రేమజంట పరారీ’. జరిగింది ఒకటే. దక్కనీ మాటలో పరుగు ఉంది. పోలీసు మాటలో లోటు ఉంది. పేపరు మాటల్లో ఒకరోజు మాయ, ఇంకోరోజు నేరం. తెలుగు మాటలో మాత్రం లేవడం ఉంది. ఉర్దూలో మనిషి ‘ఉఠ్ గయా’ అంటే లోకం విడిచాడని కూడా అర్థం. మన భాషలో లేచిపోయిన మనిషి బతికే ఉంటుంది. ఆమె లేచింది ఎక్కడి నుంచి? ఇంత పరువు తక్కువ మాటలోకి అంత నిటారైన క్రియ ఎలా వచ్చింది?

ఈ ప్రశ్న పట్టుకుని చదవాల్సిన నవల ఒకటి మనకుంది. 1927లో వచ్చిన చలం ‘మైదానం’. ఊరికి పనికిరాని ఇద్దరిని, ఒక బ్రాహ్మణ ప్లీడరు భార్యను, ఆ ప్లీడరు దగ్గరికే క్లయింటుగా వచ్చిన ఒక ముస్లిం యువకుణ్ణి, అది పాఠకుడికి పరిచయం చేసే తీరంతా ఈ క్రియ చుట్టూ తిరుగుతుంది. నవల దగ్గరికి వెళ్లేముందు మాటను విప్పి చూద్దాం.

‘లేచు’ ద్రావిడ భాషల పాత సొత్తు. తమిళంలో ఎళు, కన్నడంలో ఏళు, తెలుగులో లే. ధాతువులో ముందున్న అచ్చు వెనక్కి జరిగింది, వెనకున్న హల్లు మొదటికి వచ్చింది. ఇది ఈ ఒక్క మాటకు పట్టిన వింత కాదు. తమిళుల ఉరల్ మనకు రోలు, ఇరవు రేయి, ఉళ్ లో, ఇళ లేత. మాటల్లో ఇలా చోట్లు మారడం వెనకున్న క్రమాన్ని భద్రిరాజు కృష్ణమూర్తి 1961 నాటి తన ‘తెలుగు వెర్బల్ బేసెస్’లో శాస్త్రంగా నిలబెట్టారు. అంటే ‘లేచు’ అనే మాట తెలుగులోకి రావడానికే దానిలోని అక్షరం తన చోటు వదిలి లేవాల్సి వచ్చింది.

దీని సంతానాన్ని చూడండి. పొద్దున్నే మనం లేస్తాం, పిల్లల్ని లేపుతాం, సభలో ప్రశ్న లేవనెత్తుతాం. గాలి లేస్తుంది, దుమ్ము లేస్తుంది, అల లేస్తుంది. అన్నీ కదలికలే, అన్నీ పైకే. ఈ మాట మనుషుల మీదికి వచ్చేసరికి కొంచెం పక్షపాతం కనిపిస్తుంది. ఆడమనిషి ‘నోరు లేచింది’ అంటే అది ఆమె తప్పు. మగవాడి ‘చెయ్యి లేచింది’ అంటే అది అతని కోపం. లేవడం తప్పా ఒప్పా అన్నది లేచిన మనిషిని బట్టి తేలుతుంది.

‘లేచు’కు ఎదురు మాట ‘పడు’. మన కాపురాల భాషంతా దీని మీదే నడుస్తుంది. కష్టపడు, మాటపడు, ఓర్చుకుని పడి ఉండు. ‘ఎలాగో పడి ఉందిలే’ అనేది మెట్టినింట్లో కూతురి గురించి తల్లి చెప్పుకునే కుశలం. ఇంట్లో ఉన్నది పడి ఉన్నది, ఇల్లు విడిచినది లేచినది. ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి ఎవరూ చూడరు గానీ, చూస్తే భాష ఎవరి వైపు సాక్ష్యం చెబుతుందో తెలిసిపోతుంది. కాపురం అంటే నేల మీద పడి ఉండటం అని ఒప్పుకున్నది తిట్టేవాళ్లే.

ఇక రెండో ముక్క ‘పోవు’. ఇది తోడు క్రియగా చేరితే పని చేయిదాటిందని, ఇక వెనక్కి రాదని అర్థమొస్తుంది. చచ్చిపోవు, విరిగిపోవు, పాడైపోవు, మరిచిపోవు. ఇవేవీ కావాలని చేసే పనులు కావు. ‘లేచు’ మనిషి పూనుకుని చేసే పని, ‘పోవు’ మనిషి చేతిలో లేని పని. ఈ రెండూ ఒక మాటలో ఇరుక్కున్నాయి. రాతలో చూస్తే ఈ తేడా ఒక ఖాళీ మీద ఆధారపడి ఉంది. ‘ఆమె సభలోంచి లేచి పోయింది’ అని విడదీసి రాస్తే అవి రెండు మర్యాదైన పనులు. లేచింది, వెళ్లింది. ‘ఆమె లేచిపోయింది’ అని కలిపి రాస్తే ఒక నింద. మధ్యలో ఊపిరి తీసుకునే వ్యవధి లేకుండా చేయడంలోనే ఉంది కసి అంతా.

అదే ‘పోవు’ ఇంకో గుంపులోనూ కనిపిస్తుంది. సర్దుకుపోవు, ఒదిగిపోవు, ఇమిడిపోవు, కలిసిపోవు. ఇవన్నీ మెచ్చుకోళ్లు. పెళ్లికూతురికి బండి ఎక్కేముందు పెద్దమ్మలు, మేనత్తలు చెప్పే ఉపదేశమంతా ఈ నాలుగు మాటల్లో ఉంటుంది. సర్దుకుపోయిన మనిషి కూడా పోయినట్టే అని ఎవరికీ తోచదు. సంఘంలో ఇమడనివాళ్లకు తెలుగులో ప్రత్యేకంగా ఒక నామవాచకం లేకపోవడానికి కారణం బహుశా ఇక్కడే ఉంది. ఇమడటాన్ని మనం గుణంగా చూడలేదు, రోజూ చేయాల్సిన చాకిరీగా చూశాం. ఆ చాకిరీ మానేసినవాళ్లకు వ్యతిరేకార్థక క్రియలే మిగిలాయి. ఇమడలేదు, పొసగలేదు, అతకలేదు.

‘లేచిపోవు’కు నిందలేని వాడుక కూడా ఒకటుంది. పాతబస్తీలో డంగు సున్నం గోడలున్న ఇళ్లలో బతికినవాళ్లకు బాగా తెలుసు. వానాకాలం తరవాత గోడకు పెచ్చు లేచిపోతుంది. పెనుగాలికి రేకు లేచిపోతుంది. తలుపు సందులో పడితే గోరు లేచిపోతుంది. దేనికి అంటుకుని ఉందో దాన్నుంచి విడివడటం. ఇక్కడ ఎవరూ పెచ్చును తిట్టరు. గోడలో చెమ్మ ఎక్కడుందో వెతుకుతారు. పిల్ల లేచిపోయినప్పుడు మాత్రం గోడ సంగతి మాట్లాడరు.

వ్యాకరణం దగ్గర ఇంకో చిక్కుంది. ‘పెచ్చు లేచిపోయింది’, ‘పిల్ల లేచిపోయింది’. క్రియ చివర ఒకటే రూపం. తెలుగులో ఏకవచనంలో ప్రథమ పురుష క్రియ స్త్రీకి, వస్తువుకు, జంతువుకు ఉమ్మడిది. మగవాడికి మాత్రం వేరే రూపం. చిన్నయసూరి 1858లో ‘బాలవ్యాకరణం’లో మహత్తు, అమహత్తు అని చేసిన విభాగం ఈ వాడుకనే సూత్రంగా చెప్పింది. వచ్చాడు అంటే మగమనిషి. వచ్చింది అంటే ఆడమనిషి కావచ్చు, బస్సు కావచ్చు, జ్వరం కావచ్చు. గౌరవంగా ‘వచ్చారు’ అంటే తప్ప ఒంటరి స్త్రీకి మన క్రియలో మనిషి రూపం లేదు.

దీనికి రెండు మినహాయింపులున్నాయి. ఒకటి బహువచనం. ‘వాళ్లిద్దరూ లేచిపోయారు’ అన్నప్పుడు ఆమె వస్తువుల వరసలోంచి మనుషుల వరసలోకి వస్తుంది. తెలంగాణ నోట్లో ‘లేసిపోయిండ్రు’. జంట అయితే తప్ప ఆమెకు ఆ రూపం దక్కలేదు. రెండోది ఉత్తమ పురుష. ‘నేను లేచిపోయాను.’ తెలుగులో ‘నేను’కు లింగం లేదు. చెప్పేది స్త్రీయో పురుషుడో క్రియను బట్టి తెలియదు. ‘నేను’ అన్న క్షణంలో వ్యాకరణం అందరినీ సమానం చేస్తుంది.

‘మైదానం’ మొదలయ్యేది ఈ రెండో మినహాయింపుతో. కథ చెప్పేది ఆ ప్లీడరు భార్య రాజేశ్వరి. లోకం తన గురించి ఏ మాట వాడుతుందో ఆమెకు తెలుసు. ఎవరికో చెప్పుకుంటున్నట్టు సాగే ఆ గొంతు వినిపించేసరికే జరగాల్సింది జరిగిపోయింది. ఊరు మూడో మనిషిగా చేసి ‘లేచిపోయింది’ అని తీర్పు చెప్పిన సంగతిని ఆమె మొదటి మనిషిగా తిరిగి చెప్పడం మొదలుపెడుతుంది. 1927లో ఒక తెలుగు పాఠకుడికి ఇది ఎంత కొత్తో ఊహించండి. ఆ కాలానికి లేచిపోయిన స్త్రీ కథ తెలియనివాడు లేడు. తండ్రి నోట విన్నాడు, అత్త నోట విన్నాడు, ఊరి రచ్చబండ మీద విన్నాడు. ఆమె నోట వినలేదు.

ఈ పరిచయంలో చలం చేయని పనులు కూడా గమనించాలి. ముందుగా రాజేశ్వరి ఇంటి పేరు, వంశం, బాల్యం, గుణగణాలు చెప్పి తరవాత ‘పతనం’ చూపించడు. నవలాకారుడు ముందుకు వచ్చి ఆమె తరఫున క్షమాపణ అడగడు. భర్తను క్రూరుడిగా చిత్రించి ఆమెకు సాకు సమకూర్చడు. ఆ భర్త ఒక ప్లీడరు, ఊళ్లో గౌరవం ఉన్నవాడు, అంతే. సాకు ఉంటే పాఠకుడు జాలిపడి తప్పించుకుంటాడు. సాకు లేకపోతే ఆమె కోరికను కోరికగానే ఎదుర్కోవాలి. చలం మొదటి పుటల్లోనే ఆ తలుపు మూసేశాడు.

పోల్చి చూస్తే ఈ ఎత్తుగడ విలువ ఇంకా తెలుస్తుంది. తరవాతి దశాబ్దాల్లో తెలుగు నవలలో సంఘానికి సరిపడని మనుషులు వరసగా వచ్చారు. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావు, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో దయానిధి, రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘అల్పజీవి’లో సుబ్బయ్య. ముగ్గురూ మగవాళ్లు, ముగ్గురూ ప్రథమ పురుషలో నడుస్తారు. వాళ్లలో ఇద్దరికి రచయితే అట్ట మీద తీర్పు రాసి పెట్టాడు, ఒకడు అసమర్థుడు, ఇంకొకడు అల్పజీవి. పాఠకుడు పుస్తకం తెరిచేసరికే ఆ మనిషిని ఎంత ఎత్తున నిలబెట్టి చూడాలో తెలుసు. చలం పుస్తకానికి మనిషి పేరు లేదు, మనిషికి తీర్పు లేదు. ఒక చోటు పేరు మాత్రమే ఉంది. తీర్పు ముందే ఊళ్లో ఇచ్చేశారు కాబట్టి మళ్లీ ఇవ్వాల్సిన అవసరం లేకపోయింది.

‘మైదానం’లో ఆ ఇద్దరి పేర్లూ చూడండి. రాజేశ్వరి అంటే రాజులకు ఏలిక. ఆ ముస్లిం యువకుడి పేరు అమీర్. అది అరబ్బీ మాట, ఆజ్ఞాపించేవాడు, అధిపతి. హైదరాబాద్ వాడుకలో అమీర్ అంటే ధనవంతుడు కూడా. మీర్ ఆలం, మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేర్లలోని మీర్ దీని కురుచ రూపమే. నవలలో తరవాత వచ్చే మూడో మనిషి మీరా పేరులోనూ అదే ధ్వని. రెండు భాషల్లో ఏలిక అనే అర్థం మోస్తున్న ఇద్దరు ఒక గుడిసెలో బతకడానికి వెళ్తారు. చలం దీన్ని లెక్కపెట్టి చేశాడో లేదో తేల్చే పని మనకు లేదు. పేర్లు పుస్తకంలో ఉన్నాయి, వాటి అర్థాలు నిఘంటువుల్లో ఉన్నాయి.

ఆమె లేచింది ఒక ప్లీడరు ఇంట్లోంచి. ఇది నాకు చిన్న విషయంగా కనిపించదు. చట్టం కాపురం చేసే ఇల్లు అది. ఆ రోజు చట్టం ఆమెకు ఏం దారులు చూపించగలదో చూద్దాం. 1927లో మద్రాసు రాజధానిలో ఆమెలాంటి హిందూ భార్యకు విడాకుల చట్టం లేదు. మద్రాసు రాష్ట్రం ఆ హక్కు ఇచ్చింది 1949లో, దేశమంతటికీ హిందూ వివాహ చట్టం వచ్చింది 1955లో. తెలుగునాట చాలా కులాల్లో ఆచారం ప్రకారం విడాకులు, మారుమనువు ఉన్నాయి గానీ బ్రాహ్మణ ఇంటికి ఆ ఆచారం లేదు. పోనీ కన్యగా ఉండి అమీర్‌ను పెళ్లాడాలనుకున్నా, 1872 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద హిందువు, ముస్లిం ఇద్దరూ తమ మతాల్లో లేమని ప్రకటించాలి. 1923 సవరణ హిందువులకు, బౌద్ధులకు, సిక్కులకు, జైనులకు తమలో తాము ఆ షరతు తీసేసింది. ముస్లింతో పెళ్లికి తీసేయలేదు. మత త్యాగం చేయకుండా పెళ్లాడే దారి 1954 చట్టంతో వచ్చింది, అదీ ముప్పై రోజుల నోటీసు గోడకు అంటించాక. ఇన్ని తలుపులు మూసి ఉన్న ఇంట్లో ‘విడిపోవడం’ అనే క్రియకు చోటు లేదు. మిగిలింది ‘లేచిపోవడం’ ఒక్కటే. తలుపు లేనిచోట పుట్టిన మాట అది.

అదే చట్టం ఈ సంగతిని ఏమని పిలిచిందో చూస్తే ఇంకో వింత. 1860 నాటి భారత శిక్షా స్మృతిలో 498వ సెక్షన్ ఇంకొకరి భార్యను చెడు ఉద్దేశంతో తీసుకుపోవడం, ప్రలోభపెట్టి తీసుకుపోవడం నేరమంది. పక్కనున్న 497 వ్యభిచారానికి మగవాణ్ణి శిక్షించి, ఆడమనిషిని ప్రోత్సహించిన దోషిగా కూడా లెక్కించొద్దంది. ఆమె మీద దయ అనుకునేరు. ఆమెకు సొంత ఇష్టం ఉండొచ్చన్న ఊహే ఆ సెక్షన్లలో లేదు. సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 27న 497ను కొట్టేసింది. 498 మాత్రం భాష మార్చుకుని, 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 84వ సెక్షన్‌గా ఇప్పటికీ బతికే ఉంది. చట్టం భాషలో మగవాడు తీసుకుపోతాడు, తెలుగులో ‘లేవదీసుకుపోతాడు’. వీధి భాషలో ఆమె ‘లేచిపోతుంది’. విచిత్రం ఏమిటంటే పనిని పనిగా, ఇష్టాన్ని ఇష్టంగా ఒప్పుకున్నది తిట్టే వీధి. కర్తృత్వం ఇచ్చింది, దానికి శిక్షగా పరువు తీసుకుంది.

పురాణాలకు వెళ్తే ఇంకో రెండు మాటలు దొరుకుతాయి. రుక్మిణి అన్న నిశ్చయించిన పెళ్లి వద్దనుకుంది. అగ్నిద్యోతనుడనే బ్రాహ్మణుడి చేత కృష్ణుడికి కబురు పంపింది. ఎప్పుడు రావాలో, ఏ గుడి దగ్గర కలవాలో తనే చెప్పింది. పథకం ఆమెది, ధైర్యం ఆమెది. శాస్త్రం దానికి ‘హరణం’ అని పేరు పెట్టి ఖ్యాతిని కృష్ణుడికి ఇచ్చింది. భక్తులు ‘కల్యాణం’ అని పేరు పెట్టి పెళ్లికాని పిల్లల చేత పారాయణ చేయిస్తారు. ఇప్పటికీ సంబంధం కుదరని ఇంట్లో రుక్మిణీ కల్యాణం చదవమని సలహా చెప్పే పెద్దలున్నారు. ఆ కథలో అమ్మాయి చేసిన పని ఏమిటో వాళ్లు ఒక్కసారి ఆలోచిస్తే పుస్తకం దాచేస్తారు. దేవతలకు హరణం, భక్తులకు కల్యాణం, పక్కింటి పిల్లకు లేచిపోవడం.

లేచి ఎక్కడికి పోయారు? ఇక్కడ నవల పేరు అక్కరకొస్తుంది. తెలుగులో ఆరుబయటకు మాటల కరువు లేదు. బయలు, బీడు, చెలక, గడ్డి నేల ఏదైనా పెట్టుకోవచ్చు. చలం మైదానం అన్నాడు. అరబ్బీ, పారశీల దారిన వచ్చిన మాట, అమీర్ వైపు నుంచి వచ్చిన మాట. రాజేశ్వరి కొత్త బతుకుకు పేరు ఆమె పుట్టింటి భాషలోంచి రాలేదు. ఊరివాళ్లకు ఈ మాట తెలియనిది కాదు. సర్కారు కాగితాలతో, సైన్యం గుడారాలతో, బడిపిల్లల ఆటలతో మైదానం ఎప్పుడో తెలుగైపోయింది. మనిషి కలవలేనిచోట మాట కలిసిపోయింది.

సైదాబాద్‌లో కూర్చుని చదివితే ఈ పేరు ఇంకొంచెం విప్పుకుంటుంది. మా చుట్టుపక్కల పేర్ల చివరలు చూడండి. సైదాబాద్, మాదన్నపేట, చంచల్‌గూడ, అక్బర్‌బాగ్, సంతోష్‌నగర్. ఆబాద్, పేట, గూడ, బాగ్, నగర్. అయిదు చివరలు, మూడు నాలుగు భాషలు. బాగ్ అంటే తోట, అది కూడా మనిషి నాటి పెంచినదే. మిగిలిన నాలుగూ నలుగురు కలిసి ఉండే చోట్లు. ఆబాద్ పారశీ మాట. జనం ఉన్నది, సాగైనది, పచ్చగా ఉన్నది. ఆబాదీ అంటే జనాభా, మన తెలంగాణ రెవెన్యూ లెక్కల్లో ఊరి ఇళ్ల స్థలం. ఆబాద్‌కు బయట ఉన్నది మైదాన్. అక్కడ యుద్ధాలు జరుగుతాయి, పోలో ఆడతారు, సభలు పెడతారు, పని కాగానే లేచి వచ్చేస్తారు. 1687లో గోల్కొండను ముట్టడించినప్పుడు మొఘల్ సేన దిగిన చోటని చెప్పే ఫతేమైదాన్‌లో ఇప్పుడు స్టేడియం ఉంది. సైదాబాద్ ఉజాలే షా ఈద్గాలో ఏడాదికి రెండు పండుగల నాడు వేలమంది వరసగా నిలబడతారు, నమాజు కాగానే ఇళ్లకు వెళ్తారు. మైదానంలో ఎవరూ కాపురం పెట్టరు. రాజేశ్వరి, అమీర్ పెట్టారు. సంఘం అంటే ఆబాద్ అయితే, ఆబాద్‌లో చోటు లేనివాళ్లకు ఇంటి నంబరు దొరికేది మైదానంలోనే. పరిచయ పుటల్లో లేచిపోవడం అనే క్రియకు నవల పేరు ఒక విభక్తిలా పనిచేస్తుంది, ‘ఎక్కడికి’ అన్నదానికి జవాబుగా.

ఇంతవరకూ చలాన్ని మెచ్చుకున్నాం. ఇప్పుడు సైదాబాద్ పాఠకుడు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అమీర్‌కు ఏ క్రియ ఇచ్చారు?

అతనూ ఊరు వదిలాడు. అతనికీ తల్లి, వీధి, మసీదు, చుట్టాలు ఉంటారు. ఒక హిందూ ప్లీడరు భార్యతో వెళ్లిపోయిన కుర్రాడి గురించి అతని మొహల్లాలో ఏమనుకున్నారు? నవల అది చెప్పదు. ఉత్తమ పురుష కథనానికి ఇది పుట్టుకతో వచ్చిన పరిమితి. ‘నేను’ అన్నది ఒక గొంతుకే. రాజేశ్వరిని వస్తువుల వరస నుంచి లేపిన ఆ ‘నేను’, అమీర్‌ను ‘అతను’గానే ఉంచింది. అతని అందం, ఆవేశం, అసూయ, మొండితనం అన్నీ ఆమె చూపులోంచే తెలుస్తాయి. సంఘానికి సరిపడని ఇద్దరిని పరిచయం చేసిన ఆ మొదటి పుటల్లో ఒకరికి గొంతుంది, ఒకరికి రూపముంది. తెలుగు సాహిత్యంలో ముస్లిం పాత్రకు గొంతు రావడానికి ఆ తరవాత చాలాకాలం పట్టింది. దర్గాలు, పీర్లు, బురఖా లోపలి కబుర్లు ముస్లిం రచయితలే తెలుగులో రాయడం మొదలుపెట్టాక గానీ ‘అతను’ ‘నేను’ కాలేదు. చలం దోషం అని దీన్ని కొట్టేయక్కర్లేదు. ఆయన తెరిచిన వ్యాకరణంలో ఒక గది ఖాళీగా మిగిలిందని చెప్పుకుంటే చాలు.

ఇంకో అభ్యంతరం పాతదే. రాజేశ్వరి లేచింది గానీ మళ్లీ ఒక మగవాడి చుట్టూనే కదా బతికింది, ఇందులో విముక్తి ఎక్కడ అని. నిజమే. మైదానంలోనూ వంట ఆమెదే, ఎదురుచూపు ఆమెదే, అమీర్ కోపానికి ఓర్చుకోవాల్సిందీ ఆమే. చలం దాన్ని దాచలేదు. లేవడం మొదటి పని, నిలబడటం రెండో పని. మొదటి దానికి ఒక రాత్రి చాలు, రెండోది నవల ఆఖరి పుట దాకా తేలలేదు. అయినా మొదటి పుటలు సాధించినది చెడిపోదు. తిట్టుగా వచ్చిన క్రియను సొంత నోటితో పలికి, అందులోని ‘లేచు’ను ‘పోవు’ నుంచి విడదీసి వినిపించిన తొలి పెద్ద ప్రయత్నాల్లో అది ఒకటి. ఆ తరవాత తెలుగులో ఏ స్త్రీ తన బతుకును ‘నేను’ అని రాసుకున్నా ఆ దారి కొంతవరకు నడిచి ఉన్నదే.

దీన్ని సాహిత్య చర్చగా వదిలేయడానికి మా ప్రాంతం ఒప్పుకోదు. సైదాబాద్‌కు దగ్గరలోనే ఉన్న సరూర్‌నగర్‌లో 2022 మే 4న, ముస్లిం అమ్మాయిని పెళ్లాడిన ఒక దళిత యువకుణ్ణి భార్య కళ్లముందే నడిరోడ్డు మీద చంపారు. ఆమె సోదరుణ్ణి పోలీసులు అరెస్టు చేశారు. నవలతో పోలిస్తే మతాలు తారుమారయ్యాయి, చట్టం మారింది, పెళ్లి జరిగింది, మాట మాత్రం అలాగే ఉంది. చంపినవాళ్లకు కత్తి ఎక్కడ దొరికిందో పోలీసులు చెప్పగలరు. ‘పరువు’ ఎక్కడ దొరికిందో మన క్రియలను అడగాలి. కూతురు ఇల్లు విడిచింది అనే సంగతికీ, కుటుంబం తల ఎత్తుకోలేకపోయింది అనే సంగతికీ మధ్య వంతెన వేసింది ఈ ఒక్క మాటే. ఆమె లేస్తే ఇంట్లోవాళ్ల తల దిగుతుందట. త్రాసులో తూకాల్లా మాట్లాడటం మనకు అంత అలవాటైంది.

మాటను నిషేధించమని నేను అనను. తిట్టును నిఘంటువులోంచి కొట్టేస్తే మనిషి నోట్లోంచి పోదు. వార్తలు రాసేవాళ్లను, ప్రూఫులు దిద్దేవాళ్లను, వీధిలో కబురు మోసే మనందరినీ అడిగేది రెండే. ఇద్దరు పెద్దవాళ్లు తమ ఇష్టంతో వెళ్లినప్పుడు అదృశ్యం, పరారీ అనకండి, ‘వెళ్లిపోయారు’, ‘పెళ్లి చేసుకున్నారు’ అనండి. బహువచనం వాడండి, ఎందుకంటే తెలుగులో ఆమె మనిషి అయ్యేది అప్పుడే. ‘మైదానం’ ఇంట్లో ఉంటే ఇంకోసారి తీసి, కథ కోసం కాకుండా క్రియల కోసం మొదటి పుటలు చదవండి. తొంభై ఏళ్లు దాటినా అవి ఊరి తీర్పు మీద వేసిన అప్పీలులాగే ఉన్నాయి. ఆ అప్పీలు మీద మనం ఇంకా తీర్పు చెప్పలేదు.